మేము చూడని పులి

తెలుగునాట ఆత్మకూరు అనే పేరుగల ఊళ్ళను లెక్క పెట్టబోతే ఒక చేతి వేళ్ళు చాలవు. నెల్లూరు వైపు ఒకటి, అనంతపురం వైపు ఒకటి, వనపర్తి వైపు ఒకటి, హనుమకొండ దగ్గర ఒకటి, భువనగిరి వైపు ఇంకొకటి. ఒకదానిని చూసి మరొకటి అనుకోకుండా ఉండడానికి కాబోలు, మా ఊరి పేరుకు బ్రాకెట్లలో "ఎస్" అనే ఒక్క అక్షరం తగిలించారు. ఎస్ అంటే సూర్యాపేట అన్నమాట. ఈ ఆత్మకూరులన్నిటిలోనూ అదృష్టవంతురాలు ఎవరంటే, నంద్యాల జిల్లా ఆత్మకూరు అంటాన్నేను. నల్లమల దాని గుమ్మంలోనే ఉంది. పెద్దపులుల అడవిని కాచే అధికారుల కచేరీ కూడా ఆ ఊళ్ళో ఉంది.

మా ఆత్మకూరుకు అంత వైభవం లేదు. వరిపొలాలు, చెరువులు, బోడిగుట్టలు, గట్లవెంట తాటిచెట్లు - ఇదీ మా సంపద. అడవి జంతువు అంటే మాకు తెలిసింది కోతి ఒక్కటే. అది కూడా అడవి వదిలి ఊరికి వచ్చి, మా ఇంటి పెంకులమీద కాపురం పెట్టి, వంటింట్లోని అరటిపళ్ళలో వాటా అడుగుతున్న కోతి. ఇక పులీ ఏనుగూ అంటారా, అవి మా పిల్లలకు ఫోనులో కనిపించే బొమ్మలే. పిలిచినప్పుడల్లా వస్తాయి, వేలితో తోస్తే పోతాయి.

అందుచేత మొన్నటి సంక్రాంతి సెలవుల్లో మా అమ్మగారు శ్రీశైలంలో బ్రహ్మోత్సవాలు చూడాలన్నప్పుడు, దారిలో ఒకరోజు మన్ననూరులో ఆగి, అమ్రాబాద్ పులుల అభయారణ్యం చూసి వెళ్దామని నేను ప్రతిపాదించాను. పిల్లలు ఎగిరి గంతేశారు. మా శ్రీమతి, "దుప్పట్లు ఎన్ని సర్దాలి?" అని అడిగింది. అంటే ఒప్పుకున్నట్టే. మా అమ్మ మాత్రం, "దేవుణ్ణి చూడబోతూ పులిని చూడడమేమిట్రా?" అంది. "మల్లన్న కట్టుకునేది పులితోలే గదమ్మా" అన్నాను. ఆమెకు ఆ సమాధానం నచ్చింది.

ఏనుగులు ఏవీ?

కారు నల్లగొండ దాటకముందే మా అమ్మాయి వేసిన ప్రశ్న ఇది: "నాన్నా, అక్కడ ఏనుగులు కూడా ఉంటాయా?"

ఉండవు. నల్లమలలో పులి ఉంది, ఏనుగు లేదు. పులీ ఏనుగూ ఒకే అడవిలో తిరగడం చూడాలంటే మనవాళ్ళు బందీపూరుకో, నాగరహోళెకో, ముదుమలైకో వెళ్ళవలసిందే. ఏనుగు సంసారం చాలా పెద్దది. పెద్ద ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత కావాలి, నూరు లీటర్లకు తక్కువ కాకుండా నీళ్ళు కావాలి. కుటుంబమంతా కలిసి ఋతువును బట్టి అడవినుంచి అడవికి నడిచిపోతూ ఉండాలి. దారి మధ్యలో ఊళ్ళూ రోడ్లూ పొలాలూ అడ్డం వస్తే ఆ నడక తెగిపోతుంది. పోతన్నగారి పుణ్యమా అని ఏనుగుల గుంపు మడుగులో దిగడం ఎలా ఉంటుందో తెలుగువాళ్ళకు చూడకుండానే తెలుసు. కాని మన నేలమీద నిజం ఏనుగు ఉన్న అభయారణ్యం పేరు అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు.

దానిపేరు కౌండిన్య. చిత్తూరు జిల్లాలో పలమనేరు, కుప్పం ప్రాంతపు అడవి. తరతరాలుగా ఏనుగు జాడ ఎరుగని ఆ అడవిలోకి 1980ల దశకంలో తమిళనాడు హోసూరు వైపునుంచి ఒక గుంపు నడిచి వచ్చింది. వచ్చినవి తిరిగి పోలేదు. వాటికోసం 1990లో దానిని అభయారణ్యం చేశారు. చేసిన తరువాత ఏనుగుకు భయం తీరింది గాని, చెరుకూ వరీ అరటీ వేసుకున్న రైతుకు భయం పట్టుకుంది. పంట మేసిన ఏనుగును కసిరితే పోదు. తీగకు కరెంటు పెడితే ఏనుగు చస్తుంది, ఒక్కొక్కప్పుడు పెట్టినవాడూ చస్తాడు. అడవి ఏనుగులను అదుపుచేసే శిక్షణ పొందిన ఏనుగులను కుంకీలంటారు. అలాంటివి 2025 మే నెలలో కర్ణాటకంనుంచి నాలుగింటిని తెచ్చుకోవలసి వచ్చింది.

మన తెలంగాణంలో అయితే 2024 ఏప్రిల్‌లో ఒక ఒంటరి ఏనుగు మహారాష్ట్రంలోని గడ్చిరోలి అడవులనుంచి ప్రాణహిత దాటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ప్రవేశించి, రెండు రోజులలో ఇద్దరు రైతుల ప్రాణాలు తీసి, వచ్చినదారినే పోయింది. పొలానికి వెళ్ళినవాళ్ళు తమ చేలో ఏనుగు ఉంటుందని కలలోనైనా అనుకుంటారా?

ఈ మాట విని మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "పాపం, ఏనుగు దారి తప్పిందేమో నాన్నా" అంది.

మన్ననూరు గేటు

దేవరకొండ దాటి, డిండి దగ్గర హైదరాబాదు - శ్రీశైలం రహదారి ఎక్కేసరికి ఎండ చురుక్కుమంటున్నది. ఇక్కడొక సంగతి మా జిల్లావాళ్ళు జ్ఞాపకం ఉంచుకోదగ్గది. సూర్యాపేట వేరే జిల్లా అయింది 2016 అక్టోబరులో. అంతకుముందు మేమంతా నల్లగొండ జిల్లా వాళ్ళమే. ఈ పులుల అడవి నాగర్‌కర్నూలు జిల్లాలోనే గాక నల్లగొండ జిల్లాలోకి కూడా పరుచుకొని ఉంది. అంటే పదేళ్ళ క్రితందాకా పులి మా జిల్లా నివాసే. ఒకే కలెక్టరు పాలనలో ఉండికూడా మేము ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మన్ననూరు దగ్గర అటవీశాఖ వారి తనిఖీ గేటు ఉంది. ఇక్కడినుంచి దోమలపెంట దాకా రాత్రి తొమ్మిదినుంచి ఉదయం ఆరుదాకా బళ్ళు కదలకూడదు. రాత్రిపూట దారి జంతువులది. "రాత్రి ప్రయాణం చేస్తే చల్లగా ఉండేది గదా!" అని గేటు దగ్గర ఒక పెద్దమనిషి వాదిస్తున్నాడు. దుప్పులకు కూడా చల్లగానే ఉంటుందని ఆయనకు తోచలేదు. లైటు వెలుగు కళ్ళలో పడితే జంతువు పరుగెత్తదు, రాయిలాగా నిలబడిపోతుంది. బండి వేగం దానికి అర్థం కాదు.

ఈ అడవి పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పుకోవాలి. నిజాం పాలనలో ఇది దొరల వేటస్థలం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్టు టైగర్ మొదలయింది. సింహాన్ని పక్కకు జరిపి పెద్దపులిని జాతీయ జంతువుగా చేసిందీ ఆ సంవత్సరమే. కృష్ణకు రెండువైపులా ఉన్న నల్లమలను 1978లో అభయారణ్యంగా ప్రకటించి, 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి తెచ్చారు. నాగార్జునసాగరం, శ్రీశైలం - ఈ రెండు పేర్లూ కలిపి దానికి పెట్టారు. 2014లో రాష్ట్రం రెండయినప్పుడు అడవి కూడా పంపకాలలో పడింది. కృష్ణకు ఉత్తరాన 2,611 చదరపు కిలోమీటర్లు అమ్రాబాద్ అభయారణ్యమై తెలంగాణకు వచ్చింది. దక్షిణాన ఆంధ్రప్రదేశ్‌కు మిగిలింది 3,296 చదరపు కిలోమీటర్లు. పంచుకున్న తరువాత కూడా దేశంలోని పులుల అభయారణ్యాలన్నిటిలో అదే పెద్దది! పులులకు మాత్రం ఈ పంపకం సంగతి తెలియదు. వాటికి కృష్ణ సరిహద్దు కాదు, నీళ్ళు తాగే చోటు.

దేశం మొత్తంమీద 2006లో పులులు 1,411 అని అంచనా వేశారు. 2022 లెక్కలో సగటు అంచనా 3,682. సంతోషించవలసిందే. కాని ఆ లెక్కలోనే తెలంగాణ వాటా 21, ఆంధ్రప్రదేశ్ వాటా 63. మా బి.ఏ. తరగతిలో ఒక్కరోజు హాజరయ్యే పిల్లలకన్న రాష్ట్రం మొత్తంలోని పులులు తక్కువ.

జీపులో రెండు గంటలు

మధ్యాహ్నం ఫరహాబాదు గేటునుంచి అటవీశాఖ వారి జీపు ఎక్కాము. మాకు దారి చూపడానికి ఒక చెంచు యువకుడు వచ్చాడు. పాతికేళ్ళు ఉంటాయి. ఖాకీ చొక్కా, కాళ్ళకు బూట్లు, మెడలో దుర్భిణి. మనిషి ముభావి. జీపు కదలబోయేముందు మాత్రం వెనక్కి తిరిగి పిల్లలతో, "మాట్లాడొద్దు, చెయ్యి బయట పెట్టొద్దు, కాయితం కింద పడెయ్యొద్దు" అని మూడు సూత్రాలు చెప్పాడు. నలభై నిమిషాలు అరిచినా మా కాలేజీలో నాకు దొరకని నిశ్శబ్దం అతనికి మూడు మాటలతో దొరికింది.

మట్టిదారికి రెండు పక్కలా ఎండు గడ్డి నడుమెత్తున పెరిగి, ఎండలో పసుపుపచ్చగా మెరుస్తున్నది. టేకు, నల్లమద్ది, ఏగిస, తునికి, ఇప్ప, మధ్యమధ్య వెదురుపొదలు. ఆకులన్నీ రాల్చి, తెల్లటి బోదెతో, బూడిద పూసుకున్న బైరాగిలాగా అక్కడక్కడ నిలబడిన చెట్టును చూపించి, "ఇది తపసి చెట్టు. దీని బంకే మా తాతల కాడినించి మాకు బువ్వ పెట్టింది" అన్నాడు.

మొదట కొండముచ్చులు కనిపించాయి. వాటి కింద చుక్కల దుప్పులు. ఈ రెంటికీ మంచి ఇరుగుపొరుగు. పైన కొండముచ్చు కొరికి పారేసిన ఆకులూ కాయలూ కింద దుప్పి తింటుంది. పులి వస్తే ముందుగా పైవాడికి కనబడుతుంది, ముందుగా వాసన కిందివాడికి తెలుస్తుంది. ఎవరు ముందు పసిగడితే వారు కేకవేసి రెండోవారిని కాపాడతారు. ఇంకొంచెం దూరంలో ఒక అడవి పంది, పిల్లలను వెంటబెట్టుకొని మాకేసి చూడకుండా దారి దాటిపోయింది. నెమళ్ళకు లెక్కలేదు.

అకస్మాత్తుగా మా దారిచూపరి చెయ్యి ఎత్తాడు. జీపు ఆగింది. దారిలో మెత్తటి దుమ్ములో ఒక అడుగుజాడ. వెడల్పు నా అరచేయి అంత. నాలుగు వేళ్ళ గుర్తులు, వెనక పెద్ద మడమ. గోళ్ళ గుర్తు లేదు.

"పెద్దపులి" అన్నాడు మెల్లగా. "నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటది. పొద్దుగాల పోయింది. అంచులు ఇంకా విరగలే."

మా అబ్బాయి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే వాగువైపునుంచి ఒక దుప్పి కేక వినిపించింది. పొట్టిగా, పదునుగా. మళ్ళీ ఒకసారి. చెట్టుమీద కొండముచ్చు దగ్గినట్టు అరిచింది. గడ్డిమేస్తున్న దుప్పులన్నీ ఒకేసారి తల ఎత్తి, ఒకే దిక్కుకు చూస్తూ, కాలు నేలకు తాటించాయి. అడవి మొత్తం ఊపిరి బిగబట్టినట్టయింది. మేము కూడా బిగబట్టాము. పది నిమిషాలు. పావుగంట. గడ్డి ఎక్కడా కదలలేదు. కొంతసేపటికి ఒక దుప్పి తల దించి మేతలో పడింది. తరువాత మరొకటి. అంతే.

"ఏదీ పులి?" అంది మా అమ్మ, ఇక ఆపుకోలేక.

దారిచూపరి మొదటిసారి నవ్వాడు. "అది మనల్ని సూసే ఉంటది అవ్వా. మనమే దాన్ని సూడలే."

పులి పది ఇరవైసార్లు మాటు వేస్తే ఒకసారి దొరుకుతుంది దానికి తిండి. ఏడాదికి దుప్పి అంత జంతువులు ఏభై దాకా కావాలి. ఆ ఒక్క పులి బ్రతకాలంటే దుప్పులు వందలుగా ఉండాలి. దుప్పులుండాలంటే గడ్డి ఉండాలి, వేసవిలో నీటి గుంట ఎండకూడదు, గడ్డికి నిప్పు అంటుకోకూడదు. మేము చూసినదంతా అదే. చారలున్న దేహం ఒక్కటి తప్ప మిగిలిన పులినంతా మేము చూశాము.

వేట బంగళా

దారి చివర కొండ అంచున ఫరహాబాదు వ్యూపాయింటు. ఫరహ్ అంటే ఆనందం. పేరు పెట్టిన వారెవరో గాని తగిన పేరే పెట్టారు. కాళ్ళకింద లోయ, ఆపైన మైదానం, చెరువుల తళుకులు, నీలంగా కలిసిపోయే దూరపు కొండలు. ఆ చాయల్లోనే నిజాం కాలపు వేట బంగళా మొండిగోడలు ఉన్నాయి. ఒకప్పుడు దొరలు ఇక్కడ విడిది చేస్తే, డప్పులతో జంతువులను తరిమి తుపాకుల ముందుకు తెచ్చేవారట. చచ్చిన పులిమీద కాలుపెట్టి ఫొటో తీయించుకోవడం ఆనాటి మర్యాద.

ఈనాటి వేట వేరు. చెట్లకు మోకాలెత్తున ఎదురెదురుగా రెండేసి కెమెరాలు కట్టి ఉంటారు. పులి మధ్యనుంచి నడిచిపోతే రెండు పక్కలా ఫొటో పడుతుంది. ఎందుకు రెండు అంటే, పులి కుడివైపు చారలకూ ఎడమవైపు చారలకూ పొంతన ఉండదు. ఒక పులి చారలు మరో పులికి రావు - మన వేలిముద్రల వంటివి. పూర్వం అడుగుజాడలను సున్నపుముద్రలు పోసి లెక్కపెట్టేవారు. రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో కాగితంమీద పులులు ఉండగానే అడవిలో ఒక్కటీ లేదని 2005లో బయటపడిన తరువాత ఆ పద్ధతి మానేశారు. ఆ గోడలమీద తుపాకి ఆనించిన రోజులనుంచి చెట్టుకు కెమెరా కట్టిన రోజులదాకా మనిషి చాలా దూరమే వచ్చాడు.

కాని ఒక మాట. ఆ కెమెరాలు కట్టేది ఎవరు? నీటి గుంటలు నింపేదెవరు? వేసవిలో మంట రేగితే పచ్చికొమ్మలు పట్టుకొని ముందుగా పరుగెత్తేదెవరు? చాలావరకు చెంచులే. అడుగుజాడ అంచు విరిగిందో లేదో చూసి పులి ఎప్పుడు పోయిందో చెప్పే విద్య ఏ విశ్వవిద్యాలయంలోనూ చెప్పరు.

అల్లుడి ఊరు

తిరుగుదారిలో మా దారిచూపరి తన పెదనాయన ఇంటికి తీసుకుపోయాడు. చెంచుల పల్లెను పెంట అంటారు. పది పన్నెండు ఇళ్ళు. కొన్ని ప్రభుత్వం కట్టించినవి, కొన్ని వెదురు తడకలతో గుండ్రంగా అల్లుకున్నవి. ఆస్ట్రియా దేశస్థుడైన హైమెన్‌డార్ఫ్ పండితుడు 1940లో ఈ పీఠభూమిమీద చెంచులతో కలిసి నివసించి, 1943లో వారిని గురించి పెద్ద గ్రంథం ప్రకటించాడు. చెంచుల పేరు ప్రపంచానికి తెలిసింది దానివల్లనే.

పెదనాయన భార్య మా అమ్మకు చాప వేసింది. శ్రీశైలం పోతున్నామని తెలిసి, "మా అల్లుని సూడబోతున్రా?" అని నవ్వింది. మల్లన్న చెంచుపిల్లను పెళ్ళాడాడనీ, అందుచేత ఆయన తమ ఇంటి అల్లుడనీ వారి నమ్మకం. మా అమ్మ వెంటనే చేతులు జోడించింది. స్వామివారి అత్తగారితో వరస కలిసింది గదా మరి!

మాటలలో అసలు సంగతి బయటికి వచ్చింది. పులుల అభయారణ్యంలో నడిమి భాగంనుంచి ఊళ్ళను తరలించాలని ప్రభుత్వ ఆలోచన. సార్లపల్లి, కుడిచింతలబయలు వంటి పేర్లు ఆ జాబితాలో వినబడుతున్నాయి. వెళ్ళడానికి ఒప్పుకున్న కుటుంబానికి 15 లక్షల రూపాయలు, లేదా బయట భూమీ ఇల్లూ. 2021కి ముందు అది 10 లక్షలే ఉండేది. చట్టప్రకారం బలవంతం చేయకూడదు. 2006లో వచ్చిన అటవీహక్కుల చట్టమూ, అదే సంవత్సరం సవరించిన వన్యప్రాణి చట్టమూ, గ్రామసభ తెలిసి ఒప్పుకుంటేనే కదిలించాలని చెబుతున్నాయి.

మా దారిచూపరి అభిప్రాయం ఒకటి. "పోవుడే మంచిది సారూ. మా చెల్లెకు జరమొస్తే దవాఖానకు ఎంత దూరమో మీరు సూసిన్రు గద. బడి లేదు, ఫోను అందదు. నేను బూట్లేసుకుని తిరుగుతున్న. నా పిల్లలు సదువుకోవాలె."

పెదనాయన అభిప్రాయం మరొకటి. ఆయన చాలాసేపు బీడీ కాల్చి, చివరకు అన్నాడు: "పైసలు ఇస్తరు. పైసల్ని ఎట్ల దాచాలె? తేనెపట్టు యాడుందో నాకు ఎరుక. ఏ గడ్డ ఏ నెలల తవ్వాలెనో ఎరుక. పులి ఎప్పుడొస్తదో ఎరుక. బయటికి పోతే నాకేం ఎరుక సారూ?"

ఇద్దరూ ఒకే చూరు కింద కూర్చున్నారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. నేను నాలుగు మాటలు చెప్పబోయి ఊరుకున్నాను. మాట్లాడింది మా అమ్మ.

మా అమ్మ పుట్టిన ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. నదికి అడ్డంగా కట్టిన ఒక ఆనకట్ట నీటిలో అది మునిగిపోయింది. నష్టపరిహారం ఇచ్చారు, కొత్త ఇళ్ళు కట్టుకున్నారు, ఎవరూ పస్తులు ఉండలేదు. అయినా ఆమె తన పుట్టింటి సంగతి ఎత్తితే "మా ఊరు ఉండె" అంటుంది గాని "మా ఊరు ఉంది" అనదు. ఆ పెద్దాయనతో ఆమె అన్నది ఇంతే: "అన్నా, నీళ్ళు వస్తున్నయంటే మాకు అడిగే తావు లేకపోయె. నిన్ను అడుగుతున్నరంటే, తొందరపడి జవాబు చెప్పకు. పిల్లగాడు పోతనంటే ఆపకు. నువ్వు ఉంటనంటే సిగ్గుపడకు."

పెద్దాయన తల ఊపాడు. కుర్రవాడు నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. పొద్దు వాలింది. గేటు మూయకముందే మన్ననూరు చేరాలని లేచాము. పెద్దమ్మ మా పిల్లల చేతుల్లో తలా గుప్పెడు ఉసిరికాయలు పోసింది.

అభయం ఎవరికి?

తెలుగు పాఠం చెప్పి బ్రతికేవాణ్ణి గనుక మాటల వెంట పోవడం నాకు అలవాటు. అభయారణ్యం అంటే భయం లేని అడవి. ఎవరికి భయం లేనిది? వేటగాడినుంచి దుప్పికి అభయం. తుపాకినుంచి పులికి అభయం. కాని అడవి అంచున చెరుకు వేసిన కౌండిన్య రైతుకు? ప్రాణహిత ఒడ్డున మిరప చేనికి వెళ్ళిన కూలికి? రేపు ఎక్కడ ఉంటానో తెలియని చెంచు పెద్దకు? ఈ ముగ్గురిలో ఎవరికి అభయం కరువైనా, ఆ కరువు చివరకు జంతువు మీదికే పోతుంది. రైతు విసిగి కరెంటు తీగ కడతాడు. కడుపు కాలినవాడు ఉచ్చు పన్నేవాడికి దారి చూపిస్తాడు. పులిని కాపాడేది కంచె కాదు, పులి పక్కన బ్రతికే మనిషికి దానిమీద కలిగే గౌరవం.

తరలింపు అసలే కూడదని నేను అనను. కుర్రవాడి చెల్లెలికి వైద్యం అందాలి, అతని పిల్లలకు బడి ఉండాలి. పులికి కూడా మనిషి అలికిడి లేని చోటు కొంత ఉండి తీరాలి. తల్లిపులి పిల్లలను రెండేళ్ళ పాటు వెంటబెట్టుకొని వేట నేర్పాలి గదా! అయితే వెళ్ళేవాడు తన కాళ్ళతో వెళ్ళాలి, ఉండేవాడు తల ఎత్తుకొని ఉండాలి. 2019 సెప్టెంబరులో యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ తీర్మానం చేసినప్పుడు ఈ అడవి పక్షాన చెంచులూ, పట్నవాసులూ, సినిమా నటులూ అందరూ ఒక్క గొంతుతో నిలబడ్డారు. పులికోసం యంత్రాన్ని ఆపగలిగినవాళ్ళం, పులికోసం మనిషిని కదిలించేటప్పుడు అతని మాట కూడా అంత శ్రద్ధగా వినాలి.

ఇక శ్రీశైలం వెళ్ళే కుటుంబాలకు నాలుగు మాటలు. మన్ననూరులో అటవీశాఖ వారి కుటీరాలు ఉన్నాయి. ఒక రాత్రి ఉండి, జీపులో తిరిగి, పొద్దున్నే అడవిలో నడిచి రావచ్చు. వానాకాలం మూడు నెలలు మూసి ఉంచుతారు గనుక చూసుకొని బయలుదేరండి. అడవి దారిలో బండి మెల్లగా పోనివ్వండి, హారను మోగించకండి. రోడ్డుపక్క కోతులకు అరటిపళ్ళు పెట్టడం పుణ్యం అనుకోకండి. మన చేతి తిండి మరిగిన కోతి అడవిలో తిండి వెతుక్కోవడం మానేస్తుంది, రోడ్డుమీదనే కాచుకొని ఉండి ఏ బండి కిందో పడుతుంది, లేదా మా ఇంటి పెంకులమీదికి వస్తుంది. ప్లాస్టిక్ సంచి విసిరేస్తే దుప్పి దానిని ఉప్పువాసనకు మింగుతుంది. మింగినది బయటికి రాదు.

అన్నిటికన్న ముఖ్యమైనది, పులి కనబడలేదని జీపువాడితో తగవు పెట్టుకోకండి. డబ్బు ఇచ్చి కొన్నది జీపులో కూర్చునే హక్కును గాని, పులిని చూసే హక్కును కాదు. జంతుప్రదర్శనశాలలో పులికి దాక్కునే చోటు ఉండదు, అందుకే అది ప్రదర్శనశాల. కనబడకుండా ఉండాలనుకుంటే కనబడకుండా ఉండగల చోటు పులికి మిగిలినంతకాలమే అది అడవి. వాగు అవతల గడ్డిలో పడుకొని ఆ సాయంకాలం మమ్మల్ని తీరిగ్గా చూసి, చూడదగ్గ వాళ్ళం కామని తేల్చుకొని, తన దారిన తాను పోయిన ఆ పులికి, దాని పిల్లలకు, ఆ గడ్డి ఎప్పటికీ నడుమెత్తున పెరుగుతూ ఉండుగాక!